ఓడ పేరు మీద ఒక నాణెం: చాలెంజ్ కాయిన్ కథ



డిసెంబర్ 4న మన దేశం నేవీ డే జరుపుకుంటుంది. ఆ వారం అసెంబ్లీలో నౌకాదళం గురించి మాట్లాడిన ప్రతిసారీ పిల్లలు క్లాసుకు ఏదో ఒకటి తెచ్చి చూపిస్తారు. ఒకరు విశాఖ బీచ్‌లో సబ్‌మెరైన్ ముందు దిగిన ఫొటో తెస్తారు, ఇంకొకరు అట్టతో చేసిన ఓడ తెస్తారు. అమెరికాలో ఉన్న బాబాయో, పిన్నిగారో పంపిన బరువైన, రంగురంగుల పెద్ద బిళ్ల తెచ్చేవాళ్లు కూడా ఉంటారు. దాని మీద ఓడ బొమ్మ, ఓడ పేరు, ఒక నంబర్, ఏదో ఒక నినాదం ఉంటాయి. "టీచర్, ఇది డబ్బా? మెడలా?" అని అడుగుతారు.

ఆ రెండూ కాదు. దాన్ని చాలెంజ్ కాయిన్ అంటారు. చిన్న వస్తువే గానీ దాని వెనక చరిత్ర ఉంది, లోహశాస్త్రం ఉంది, తోటివాళ్ల శ్రమను గుర్తించడమనే మంచి అలవాటూ ఉంది. ఈసారి మీ పిల్లలు అడిగితే ఇంట్లోనే చెప్పడానికి వీలుగా ఆ వివరాలు రాస్తున్నాను.

నాణెం కాని నాణెం

చాలెంజ్ కాయిన్‌తో షాపులో ఏమీ కొనలేం. దాని మీద రూపాయి, డాలర్ లాంటి విలువ ఏదీ ఉండదు. మన పది రూపాయల బిళ్ల అడ్డంగా కొలిస్తే 27 మిల్లీమీటర్లు. చాలెంజ్ కాయిన్ ఎక్కువగా 40 నుంచి 45 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మందమూ ఎక్కువే. అరచేతిలో పెట్టుకోగానే బరువు తెలుస్తుంది.

మెడల్‌కీ దీనికీ తేడా ఉంది. మెడల్ ప్రభుత్వం ఇస్తుంది. దానికి నియమాలు ఉంటాయి, రికార్డులో పేరు ఎక్కుతుంది, యూనిఫాం మీద ఛాతీకి పెట్టుకుంటారు. చాలెంజ్ కాయిన్‌ను యూనిఫాం మీద పెట్టుకోరు. జేబులో ఉంచుకుంటారు. ఒక ఓడ, ఒక దళం, ఒక ఆఫీసు తన పేరున తాను చేయించుకుంటుంది. "నువ్వు మాలో ఒకడివి" అని చెప్పడానికి తన మనుషులకు ఇస్తుంది. బాగా పని చేసినవాళ్లకు అక్కడికక్కడే మెచ్చుకోలుగా ఇవ్వడం కూడా మామూలే. ఓడ కెప్టెన్ నాణేన్ని తన అరచేతిలో దాచుకుని, షేక్‌హ్యాండ్ ఇస్తూ ఎదుటివారి చేతిలోకి జారవిడుస్తాడు. స్టేజీ, మైకు, సర్టిఫికెట్ ఏవీ అవసరం లేదు. అందుకున్నవారు చేయి వెనక్కి తీసుకుని చూసుకుంటే నాణెం ఉంటుంది.

ఎక్కడ మొదలైంది?

అమెరికా సైన్యంలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. డబ్బున్న కుటుంబం నుంచి వచ్చిన ఒక యువ అధికారి తన విమాన దళంలోని వారందరికీ దళం గుర్తుతో కంచు బిళ్లలు చేయించి పంచాడట. ఒక పైలట్ తన బిళ్లను చిన్న తోలు సంచిలో వేసి మెడలో కట్టుకున్నాడు. అతని విమానం కూలిపోయి జర్మన్లకు చిక్కాడు. వాళ్లు అతని గుర్తింపు కాగితాలన్నీ తీసేసుకున్నారు గానీ మెడలోని సంచిని వదిలేశారు. రాత్రి బాంబుల గొడవలో అతను తప్పించుకుని ఫ్రెంచివాళ్ల వైపు చేరాడు. వాళ్లు శత్రు గూఢచారి అనుకుని కాల్చేయబోయారు. అప్పుడతను బిళ్ల తీసి చూపించాడు. ఆ గుర్తును ఒక ఫ్రెంచి సైనికుడు గుర్తుపట్టడంతో ప్రాణం దక్కింది.

కథ బాగుంది కదా! అయితే దీనికి ఆధారంగా చూపించే పేరు గానీ, పత్రం గానీ లేవు. అందుకే చరిత్రకారులు దీన్ని జరిగిన సంఘటనగా కాక, సైనికులు ఒకరికొకరు చెప్పుకుంటూ వచ్చిన కథగానే చూస్తారు. పిల్లలకు చెప్పేటప్పుడు "ఇలా చెప్పుకుంటారు" అనే మాట కలిపి చెప్పండి. విన్న కథకూ రుజువైన చరిత్రకూ తేడా ఉంటుందని నేర్పడానికి ఇది మంచి ఉదాహరణ.

ఎక్కడ మొదలైనా, ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఈ అలవాటు అమెరికా సైన్యంలో బాగా పాతుకుపోయింది. తర్వాత పోలీసులు, ఫైర్ సిబ్బంది, చివరికి దేశాధ్యక్షులు కూడా తమ కాయిన్లు చేయించుకున్నారు. బిల్ క్లింటన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు తనకు వచ్చిన చాలెంజ్ కాయిన్లను తన ఆఫీసు గదిలో వరుసగా పెట్టుకునేవారు. వైట్ హౌస్‌లో ఉన్న ఆయన చిత్రపటంలో కూడా వెనక ఆ నాణేలు కనిపిస్తాయి.

"చాలెంజ్" అని ఎందుకన్నారు?

పేరు ఒక సరదా ఆట నుంచి వచ్చింది. నలుగురు కూర్చున్న చోట ఒకరు తన నాణేన్ని టేబుల్ మీద టక్కున కొడతారు. అదే సవాలు. మిగతావాళ్లంతా వెంటనే తమ నాణెం తీసి చూపించాలి. చూపించలేనివాళ్లు ఆ పూట అందరి పానీయాల బిల్లు కట్టాలి. అందరి దగ్గరా ఉంటే, సవాలు చేసిన మనిషే బిల్లు కట్టాలి. పొరపాటున నాణెం చేయిజారి చప్పుడైనా సవాలు కిందే లెక్క! అందుకే పాతకాపులు దాన్ని ఎప్పుడూ జేబులోనే ఉంచుకుంటారు.

ఓడ నాణెం మీద ఏముంటుంది?

నౌకాదళంలో ఈ అలవాటుకు ఒక ప్రత్యేకత వచ్చింది. ఓడ సిబ్బంది నెలల తరబడి ఒకే ఇనుప గోడల మధ్య కలిసి తింటారు, కలిసి పడుకుంటారు, కలిసి ప్రమాదాన్ని ఎదుర్కొంటారు. వాళ్లకు ఓడ తాత్కాలికంగా ఒక ఊరు. ఆ ఊరి ముద్రే ఈ నాణెం.

సాధారణంగా ఒక వైపు ఓడ చిహ్నం ఉంటుంది. రెండో వైపు ఓడ బొమ్మ, పేరు, నంబర్, నౌకాదళంలో చేరిన తేదీ, నినాదం ఉంటాయి. అంచు చుట్టూ తాడు పేనినట్టు డిజైన్ చెక్కడం ఓడ నాణేల్లో తరచూ కనిపిస్తుంది. మొదటి రోజు నుంచీ ఓడలో ఉన్న సిబ్బందిని అమెరికా నేవీలో "ప్లాంక్ ఓనర్" అంటారు. ఓడ చెక్కలో ఒక పలకకు హక్కుదారు అని అర్థం. అలాంటివారికి ప్రత్యేకంగా నాణేలు చేయించడం కూడా ఉంది.

రెండు ఓడల గురించి చెబుతాను. ఈ చిహ్నాలు అలంకారం కోసం మాత్రమే కాదని అర్థమవుతుంది.

మొదటిది యూఎస్ఎస్ న్యూయార్క్. 2001 సెప్టెంబర్ 11న కూలిపోయిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ శిథిలాల నుంచి తీసిన ఉక్కును, సుమారు ఏడున్నర టన్నులు, కరిగించి ఈ ఓడ ముందు భాగంలో పోతపోశారు. అంటే నీటిని చీల్చుకుంటూ వెళ్లేచోట ఆ ఉక్కే ఉంటుంది. 2009 నవంబర్ 7న న్యూయార్క్ నగరంలోనే ఓడ నౌకాదళంలో చేరింది. ఓడ చిహ్నంలో ఆ జంట భవనాలు ఉన్నాయి. త్యాగంలో నుంచి రూపుదిద్దుకున్న బలం, ఎన్నటికీ మరవద్దు అనేది దాని నినాదం భావం.

రెండోది యూఎస్ఎస్ కోల్. 2000 అక్టోబర్ 12న యెమెన్‌లోని ఏడెన్ రేవులో ఇంధనం నింపుకుంటుండగా పేలుడు పదార్థాలు నింపిన చిన్న పడవ వచ్చి ఈ ఓడను గుద్దింది. 17 మంది నావికులు చనిపోయారు. ఓడ పక్క భాగంలో పెద్ద కన్నం పడింది. మిగతా సిబ్బంది నీళ్లు తోడుతూ, మంటలు ఆర్పుతూ ఓడను మునగనివ్వలేదు. దాన్ని మరో భారీ ఓడ మీదికి ఎక్కించి స్వదేశానికి తీసుకెళ్లి బాగుచేశారు. 2002లో మళ్లీ నౌకాదళంలోకి పంపారు. ఈరోజుకీ ఆ ఓడ లోపల నడిచే దారిలో నేల మీద 17 నక్షత్రాలు పొదిగి ఉన్నాయి. భోజనానికి వెళ్లే ప్రతి కొత్త నావికుడూ వాటిని చూస్తూనే వెళ్తాడు. అలాంటి ఓడ పేరున్న నాణెం జేబులో పెట్టుకున్నప్పుడు, ఆ 17 మంది కూడా తన సిబ్బందే అని ఆ నావికుడికి తెలుస్తుంది.

ఓడకు నాణెం కొత్త కాదు

చాలెంజ్ కాయిన్ ఈ మధ్యది కావచ్చు గానీ ఓడకూ నాణేనికీ చుట్టరికం చాలా పాతది. తెరచాప ఓడలు కట్టేటప్పుడు స్తంభం నిలబెట్టే గుంటలో నాణెం పెట్టేవారు. 1962లో లండన్‌లోని థేమ్స్ నదిలో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర ఒక రోమన్ ఓడ బయటపడింది. అది క్రీస్తుశకం 2వ శతాబ్దం నాటిది. దాని స్తంభం గుంటలో డొమిషియన్ చక్రవర్తి కాలపు రాగి నాణెం దొరికింది. నాణెం మీద అదృష్ట దేవత చేత్తో ఓడ చుక్కాని పట్టుకుని ఉంది. బొమ్మ పైకి కనిపించేలా దాన్ని పెట్టారు. యథాలాపంగా పడేసినది కాదు, కావాలని ఎంచి పెట్టినదే.

అమెరికా నేవీ ఓడలు కట్టేటప్పుడు ఇప్పటికీ ఈ వేడుక జరుగుతుంది. రాడార్లు ఉండే ఉక్కు స్తంభాన్ని క్రేన్‌తో దించేముందు కింద కొన్ని నాణేలు పెడతారు. వాటిలో చాలెంజ్ కాయిన్లు కూడా ఉంటాయి.

మన పిల్లలకు ఇది వింతగా అనిపించదు. రాజమండ్రి దగ్గర రైలు గోదావరి బ్రిడ్జి ఎక్కగానే కిటికీలోంచి నాణెం విసిరి దండం పెట్టే పెద్దవాళ్లను వాళ్లు చూసే ఉంటారు. నీటి మీద ప్రయాణం చేసేవాడు నీటికి ఏదో ఒకటి సమర్పించుకోవడం చాలా దేశాల్లో ఉంది.

ఎలా తయారవుతుంది?

సైన్స్ ఇష్టపడే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే.

1. ముందు కంప్యూటర్‌లో డిజైన్ గీస్తారు. ఏ భాగం పైకి ఉబ్బాలి, ఏది లోతుగా ఉండాలి, ఏ రంగు ఎక్కడ అన్నది ఇక్కడే తేల్చుకోవాలి.

2. ఆ డిజైన్‌ను గట్టి ఉక్కు దిమ్మె మీద తిరగేసి చెక్కుతారు. దీన్ని డై అంటారు, మన భాషలో అచ్చు. నాణెం మీద ఉబ్బెత్తుగా రావాల్సింది అచ్చులో లోతుగా ఉంటుంది. అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటాయి. రెండు వైపులకూ రెండు అచ్చులు కావాలి.

3. ఇత్తడి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి ప్రెస్‌తో బలంగా కొడతారు. లోహం కరగదు, ఒత్తిడికి అచ్చులోని సందుల్లోకి ఒదిగిపోతుంది. చక్కెర అచ్చులు పోసినట్టు జింక్ మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోసే పద్ధతి ఇంకొకటి. లంగరు, స్టీరింగ్ చక్రం లాంటి ఆకారాలు, మధ్యలో ఖాళీలు కావాలంటే ఇది అనువు.

4. అంచులు నున్నగా చేసి, మెరుగుపెట్టి, బంగారు రంగు, వెండి రంగు, నికెల్ లేదా పాతబడినట్టు కనిపించే పూత వేస్తారు. ఇది కరెంటుతో చేసే ప్లేటింగ్. హైస్కూల్ పిల్లలు ఎలక్ట్రోలైసిస్ పాఠంలో చదివేది ఇదే.

5. తర్వాత రంగులు. సిరంజితో ఒక్కో గుంటలో ఒక్కో రంగు ఎనామెల్ నింపుతారు. రంగును లోహం గట్టు కంటే కిందే ఉంచి ఆరబెడితే వేలికి ఎత్తుపల్లాలు తగులుతాయి. ఇది సాఫ్ట్ ఎనామెల్. గట్టు దాకా నింపి, గట్టిపడ్డాక అరగదీసి సమం చేస్తే హార్డ్ ఎనామెల్. మనకు తెలిసిన మీనాకారీ నగలు గుర్తు చేసుకుంటే సులువుగా అర్థమవుతుంది.

6. చివరగా కావాలంటే లేజర్‌తో ఒక్కో నాణేనికీ వరుస నంబర్ చెక్కుతారు.

ఖర్చులో పెద్ద వాటా అచ్చు చెక్కడానిది. పది చేయించినా వెయ్యి చేయించినా అచ్చు ఒక్కటే కాబట్టి, ఎక్కువ చేయిస్తే ఒక్కోదాని ధర తగ్గుతుంది. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు సగటు ఖర్చు లెక్క చెప్పించడానికి ఇది బాగా పనికొస్తుంది.

మన తీరంతో చుట్టరికం

1971 మార్చిలో అమెరికా నౌకాదళంలో చేరిన ఓడ యూఎస్ఎస్ ట్రెంటన్. ముప్పై ఆరేళ్లు అక్కడ పనిచేశాక దాన్ని భారత్ కొనుగోలు చేసింది. 2007 జూన్ 22న అమెరికాలోని నార్ఫోక్‌లో ఐఎన్ఎస్ జలాశ్వగా పేరు మార్చుకుని మన నౌకాదళంలో చేరింది. దాని స్థావరం విశాఖపట్నం. 2020 మే నెలలో కొవిడ్ లాక్‌డౌన్ సమయంలో మాల్దీవుల్లో చిక్కుకున్న 698 మంది భారతీయులను కొచ్చికి చేర్చింది ఈ ఓడే. ఒకే ఉక్కు ఓడకు రెండు పేర్లు, రెండు జెండాలు, రెండు తరాల సిబ్బంది.

మన నౌకాదళంలో కూడా ప్రతి ఓడకూ చిహ్నం, నినాదం ఉంటాయి. 2021 నవంబర్ 21న ముంబైలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ విశాఖపట్నం చిహ్నం చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ ఉంటుంది, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక ఉంటుంది. కీర్తిని సాధించు అనే అర్థం వచ్చే సంస్కృత నినాదం ఉంటుంది. 163 మీటర్ల పొడవు, 7,400 టన్నుల బరువున్న యుద్ధనౌక, మన ఊరి లైట్‌హౌస్‌ను గుర్తుగా పెట్టుకుని సముద్రాలు తిరుగుతోంది.

కొనే ముందు తెలుసుకోవాల్సినవి

ఆన్‌లైన్‌లో ఓడల పేర్లతో చాలెంజ్ కాయిన్లు బోలెడు దొరుకుతాయి. సేకరించే హాబీ మంచిదే. అయితే పిల్లలకు రెండు విషయాలు చెప్పండి.

కొన్న నాణెం వేరు, అందుకున్న నాణెం వేరు. కొన్నదాన్ని "నేను కొనుక్కున్నాను" అనే చెప్పాలి. అమెరికాలో, తనకు రాని సైనిక పతకం వచ్చిందని చెప్పుకుని లాభం పొందడం 2013 నుంచి చట్టప్రకారం నేరం. చాలెంజ్ కాయిన్ పతకం కాదు కాబట్టి ఆ చట్టం దీనికి వర్తించదు. కానీ ఇందులోని నీతి ఒకటే: మనది కాని గౌరవాన్ని మనదని చెప్పుకోకూడదు.

ఇక రెండోది. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కో, కాలేజీ బ్యాచ్ రీయూనియన్‌కో సరదాగా నాణేలు చేయించాలనుకుంటే వాటి మీద మన జాతీయ చిహ్నమైన నాలుగు సింహాలను వాడకండి. దాని దుర్వినియోగాన్ని నిషేధించే చట్టం 2005 నుంచి ఉంది. సొంత చిహ్నం గీసుకోవడమే ఈ పనిలో అసలు ఆనందం కూడా.

వంటవాడికీ అదే, కెప్టెన్‌కూ అదే

ఒక టీచర్‌గా ఈ నాణెంలో నాకు నచ్చినదేంటో చెప్పి ముగిస్తాను. ఓడ సిబ్బంది కోసం నాణెం చేయించినప్పుడు అందరికీ అందేది ఒకే నాణెం. రాడార్ చూసే అధికారికీ, ఇంజిన్ గదిలో చెమటోడ్చే కుర్రాడికీ, తెల్లవారుజామునే లేచి వందల మందికి వండే వంటవాడికీ అదే బరువు, అదే బొమ్మ. ఫస్ట్ ర్యాంక్ నాణెం, సెకండ్ ర్యాంక్ నాణెం అని ఉండవు. ఎందుకంటే నీళ్లు లోపలికి వస్తున్నప్పుడు ఎవరి ర్యాంకు ఎంతని ఎవరూ అడగరు. బకెట్ పట్టుకున్న ప్రతి చేయీ ముఖ్యమే.

మన పిల్లలు పెరుగుతున్నది మార్కులు, ర్యాంకులు, ఫ్లెక్సీల మధ్య. పోటీ వద్దని నేను అనను. పరీక్ష పరీక్షే. కానీ మనం మెచ్చుకునేదంతా ఆ ఒక్క కొలతతోనే అయితే, క్లాసులో ముప్పై ఐదు మందికి "నేను ఈ ఓడలో ఉన్నానా లేదా" అనే అనుమానం మిగిలిపోతుంది. ల్యాబ్ అయ్యాక ఎవరూ చెప్పకుండానే బీకర్లు కడిగి పెట్టే అమ్మాయి ఉంటుంది. జ్వరంతో వారం రాని స్నేహితుడికి నోట్స్ రాసిపెట్టే అబ్బాయి ఉంటాడు. ప్రోగ్రెస్ కార్డులో వాళ్లు చేసినదానికి గడి లేదు. వాళ్ల పనిని ఎవరో ఒకరు చూశారని వాళ్లకు తెలియాలి. షేక్‌హ్యాండ్‌లో జారే నాణెం చేసేది అదే.

ఈ సెలవుల్లో ఇంట్లో ఒక చిన్న పని చేసి చూడండి. గట్టి అట్ట, కంపాస్, రంగు పెన్సిళ్లు చాలు. మీ కుటుంబాన్ని ఒక ఓడ అనుకుని దానికి పేరు, చిహ్నం, నినాదం పిల్లలనే ఆలోచించమనండి. ఒక వైపు తాతయ్య ఊరి చెరువు రావచ్చు, అమ్మ స్కూటీ రావచ్చు, నానమ్మ ఆవకాయ జాడీ రావచ్చు. నినాదం తెలుగులో రాసినా, ఇంగ్లీష్‌లో రాసినా ఫర్వాలేదు. రెండో వైపు ఇంట్లో ఉన్న అందరి పేర్లూ, అమ్మమ్మ నుంచి ఎల్‌కేజీ చెల్లి దాకా, ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. తర్వాత ఆ నాణేన్ని ఈ నెలలో ఇంటికి ఎక్కువ సాయం చేసిన మనిషికి ఎవరు ఇవ్వాలో, ఎందుకివ్వాలో పిల్లలనే ఆలోచించి ఒక్క వాక్యంలో చెప్పమనండి. పనిమనిషి పేరు చెప్పినా ఆశ్చర్యపోకండి, సంతోషించండి.

విశాఖ వెళ్లే వీలుంటే ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం చూపించండి. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి అది. లోపల ఆ ఇరుకు పడకలు, చిన్న వంటగది చూశాక అంత చోటులో అన్ని రోజులు కలిసి ఎలా ఉన్నారని పిల్లలే అడుగుతారు. వాళ్లు గీసిన నాణేలను సెలవుల తర్వాత క్లాస్ టీచర్‌కు పంపండి. అన్నింటినీ ఒకే బోర్డు మీద, ఒకే వరుసలో పెడతాం. వాటికి మాత్రం మార్కులు వేయం.